మిల్వాకీలో నేను దాచిన మాట

చాలా ఏళ్లుగా ఒక విషయం నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను ఒక అక్కకు తమ్ముణ్ణి లేకుండా చేశాను. ఆయన బతికుండగానే.

మాది మచిలీపట్నం. బడిలో ఇంగ్లీషు చెబుతాను. శాంతమ్మక్క మా చర్చి మనిషి, మా వీధి చివరే ఇల్లు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు రాళ్లు పొదిగే పని చేసేది. దివిసీమ ఉప్పెనలో ఆమె అమ్మా నాన్నా తమ్ముడూ పోయారు. అప్పటికి ఆమె చిన్నపిల్ల. ఒక అమెరికా నర్సమ్మ ఆమెను ఆస్పత్రిలోనే ఉంచుకుని బతికించి, బందరు హాస్టల్లో చేర్పించిందట. ఆ సంగతులు అక్క ఎప్పుడూ మాట్లాడేది కాదు. తమ్ముడి పేరు ఏలియా అని మాత్రం ఒకసారి, వేరే ఏదో మాటల్లో అనేసి ఊరుకుంది.

తర్వాత చాలాకాలానికి ఆ నర్సమ్మ మంచానపడింది. తను పెంచిన పిల్లల్లో ఒక్కరినైనా చూడాలని ఆమె కోరిక. కూతురు వాకబు చేసి శాంతమ్మక్కను పట్టుకుంది. అక్కకు ఇంగ్లీషు రాదు గనక నన్నూ తోడుగా రమ్మంది. రోహిణి కార్తె ఎండల్లో బయల్దేరి మిల్వాకీలో దిగాం. అక్కడ చలిగాలి.

ఆ ఊరి గురించి మీకు చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది అర్థం కాదు. అప్పటిదాకా నేను హైదరాబాదు దాటి ఎరగను. పాఠాల్లో వచ్చే పూల పేర్లు, చెట్ల పేర్లు పిల్లలకు చెప్పడమే గానీ ఒక్కటీ చూసినదాన్ని కాదు. అక్కడ ప్రతి ఇంటి ముందూ ఊదారంగు పూల గుత్తులు. ఏమిటివి అని అడిగితే లైలాక్ అన్నారు. ఎన్నేళ్లుగా ఆ మాట బోర్డు మీద రాశానో! వాసన చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. రాత్రి భోజనం వేళకు కూడా వెలుతురు పోలేదు. మేం స్వెట్టర్లు వేసుకుని వణుకుతుంటే అక్కడి వాళ్లు నిక్కర్లతో ఐస్‌క్రీం తింటున్నారు. ఊరి మధ్య నది, పడవ వస్తే రోడ్డు వంతెన రెండుగా విడిపోయి పైకి లేస్తుందట. సరస్సు అయితే సముద్రంలా ఉంటుందట. వారం రోజుల్లో ఇవన్నీ చూపిస్తానంది కూతురు. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వృద్ధాశ్రమానికి వెళ్లాం. నర్సమ్మ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉంది. ఒకప్పుడు తెలుగు గలగలా మాట్లాడేదట. పక్షవాతంతో తెలుగంతా పోయింది, ఇంగ్లీషు కూడా ముద్దముద్దగా వస్తోంది. కూతురు కాఫీలు తేవడానికి వెళ్లింది. నేను నర్సమ్మ నోటి దగ్గర చెవి పెట్టి విన్నాను.

శాంతను బందరు పంపేశాక శాంత వాళ్ల ఊరి నుంచే ఒక పసివాణ్ణి ఆస్పత్రికి తెచ్చారట. శాంతా, శాంతా అని ఏడ్చేవాడట. ఇద్దర్నీ కలపాలనే అనుకుందట. ఈలోగా మొవ్వలో చర్చి పక్కన సైకిల్ షాపు పెట్టుకున్న దంపతులు, పిల్లలు లేనివాళ్లు, పెంచుకుంటామని వచ్చారు. అక్క ఉందని తెలిస్తే వెనక్కి తగ్గుతారేమోనని భయపడి, చెప్పకుండానే పిల్లవాణ్ణి వాళ్ల చేతుల్లో పెట్టింది. తప్పు చేశానంది నర్సమ్మ. ఆమెకు చెప్పు, నన్ను క్షమించగలదేమో అడుగు అంది.

శాంతమ్మక్క నా మొహమే చూస్తోంది. "బాయ్ అంటంది, మొవ్వ అంటంది. ఏంటమ్మాయ్?"

నేను అన్నాను: "మొవ్వ నుంచి వచ్చి ఆస్పత్రిలో పనిచేసే కుర్రాడొకడు ఉండేవాడంట అక్కా. నిన్ను ఎత్తుకుని తిప్పేవాడంట."

అక్క నవ్వింది. "నాకు గుర్తులేదు. దేవుడి తర్వాత నాకు ఈవిడేనని చెప్పు." నర్సమ్మ చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకుంది. నర్సమ్మ ఏడుస్తూ నావైపు చూసి, క్షమించిందా అని అడిగింది. నేను తల ఊపాను.

ఎందుకన్నాను ఆ మాట? ముసలావిడ మతిమరుపులో చెబుతోందేమో, లేనిపోని ఆశ పెట్టడం ఎందుకని అనుకున్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. నర్సమ్మ కళ్లు తేటగా ఉన్నాయి, ఊరి పేరూ షాపూ కూడా చెప్పింది. నిజం ఇది: తమ్ముడు బతికున్నాడని తెలిస్తే అక్క ఆ పూటే ఇంటికి పోదామంటుంది. నాకేమో ఆ ఊరు చూడాలని ఉంది. అంతే. రాసి చూసుకుంటే ఇంత చిన్నగా ఉంది. విమానంలో చెబుదాంలే అనుకున్నాను.

ఊరంతా చూశాను. వంతెన లేవడం చూసి చప్పట్లు కొట్టాను. సరస్సు దగ్గర అక్క కారు దిగలేదు, అవతలి ఒడ్డు కనిపించని నీళ్లంటే ఆమెకు భయం. నేను దోసిట్లో తీసుకుని తాగి చూపించాక మెల్లగా వచ్చి, తనూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "ఇన్ని నీళ్లుండి ఉప్పు లేకుండా ఎట్టా ఉంటయ్యే?" అని ఆశ్చర్యపోయింది. ఆమె పక్కనే నిలబడి నేను సంతోషంగానే ఉన్నాను. ఇప్పుడు దానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

విమానంలో చెప్పలేదు. ఇంటికొచ్చాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటుందని చెప్పలేదు. నర్సమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు అక్క చర్చిలో ప్రార్థన పెట్టించింది, నేను పక్కనే మోకరించాను, అప్పుడూ చెప్పలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ మాట నోట్లో ఇంకా పెద్దదైంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ తమ్ముడు ఎలా ఉంటాడో చూడాలనిపించింది. గుడివాడలో పనుందని ఇంట్లో చెప్పి మొవ్వ బస్సెక్కాను. చర్చి పక్కన సైకిల్ షాపు ఉంది. పంక్చర్ వేస్తున్న మనిషి తలెత్తి నవ్వగానే తెలిసిపోయింది. అక్క లాగే నవ్వితే ఎడమ కన్ను కాస్త మూసుకుంటుంది. మేనకోడలికి సైకిల్ కావాలని చెప్పి కూర్చున్నాను. మనిషిని పంపి టీ తెప్పించాడు. మీది ఈ ఊరేనా అని అడిగాను.

"పుట్టింది దివిసీమంటండి. ఉప్పెనకి పసోణ్ణి. అక్క కోసం ఏడిచేవాణ్ణంట, ఆవిడా పోయుంటదనుకున్నారంట. జడకి ఎర్ర రిబ్బను ఒక్కటే గుర్తండి. అది కూడా నిజంగా గుర్తో, నేను అనుకుందో" అన్నాడు.

ఆ పైన, మీరు మాకేమన్నా చుట్టాలా అని అడిగాడు. కాదండి అన్నాను. టీ తాగి వచ్చేశాను.

ఎందుకు వెళ్లాను? చెప్పడానికి కాదు. మిల్వాకీ చూసినట్టే ఆయన్నీ చూడ్డానికి వెళ్లాను.

పోయిన వేసవిలో మళ్లీ వెళ్లాను. ఈసారి చెప్పాలనే వెళ్లాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. షాపులో ఆయన కొడుకు ఉన్నాడు. గోడ మీద ఫోటోకు దండ ఉంది. గుండెపోటని చెప్పాడు.

ఆ తర్వాత కూడా చాలా రోజులు పట్టింది. చివరికి ఒక మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లి, ఆమె రొయ్యలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చేతులు ఆగిపోయాయి.

"ఎట్టా ఉండేవాడు?" అంది.

ఎడమ కన్ను సంగతి చెప్పాను. గొంతు, నల్లబడిన వేళ్లు, టీ తెప్పించిన తీరు చెప్పాను. పొడుగా అని అడిగింది. జుట్టు ఉందా అని అడిగింది. పాటలు పాడేవాడా అని అడిగింది, తెలియదన్నాను. రిబ్బను సంగతి కూడా చెప్పాను.

"ఎర్రది కాదు, నీలం" అంది.

తర్వాత అంది: "నువ్వు ఎల్లి చూసొచ్చావు. వాడు నీకు టీ ఇప్పించాడు. నేనేమో ఈడే కూర్చునున్నా."

లేచి చేతులు కడుక్కుంది. చీర మార్చుకుంది. కుర్రాడి పేరేంటని అడిగింది, చెప్పాను. నేనూ వస్తానక్కా అంటే వద్దంది. బస్టాండు వైపు ఆమె నడిచి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను.

అప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. మొవ్వలో ఆ కుర్రాడు ఆమెను చూసి ఏమన్నాడో, అత్తా అని పిలిచాడో లేదో, తండ్రి పాటలు పాడేవాడో లేదో ఆమెకు తెలిసే ఉంటుంది. నాకు తెలుసుకోవాలని ఉంది. ఇప్పటికీ ఉంది. అడగను. ఆమె నన్ను క్షమించలేదు, నేను అడగలేదు కూడా. కానీ ఆ మాట ఇప్పుడు నా గొంతులో లేదు. దాని మనిషి దగ్గరికి అది వెళ్లిపోయింది, ఆలస్యంగా, వట్టి చేతులతో.