అయిదు నిమిషాల పని

మా బావ బస్సు డిపోలో టికెట్లు ఇచ్చే ఉద్యోగి. ఇంట్లో మాత్రం ఏ వస్తువు మూలిగినా "అయిదు నిమిషాల పని" అంటూ స్క్రూడ్రైవర్ తీస్తాడు. వీధిలో వాళ్లు ఆయన్ని "అయిదు నిమిషాలు" అనే పిలుస్తారు, ఆయన వినకుండా. ఫ్రిజ్ విషయంలో ఆ అయిదు నిమిషాలు మూడేళ్లయ్యాయి. ఇప్పుడది మేకులూ తీగలూ దాచుకునే బీరువా.

మా అక్కకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ చల్లగా ఉండాలి. తడిగుడ్డ చుట్టిన కుండలో పెడుతున్నానని చెప్పేది. వినలేక నేనే ఒక బుల్లి చల్లపెట్టె కొనిచ్చాను. అందులో గ్యాసు లేదు, మోటారు లేదు. కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడే అగ్గిపెట్టెంత తెల్లని పలక, దానికి రెండు తీగలు, వెనక చిన్న ఫ్యాను, అంతే. విప్పడానికి ఏమీ లేదు కదా అని మురిసిపోయాను. మా బావను తక్కువ అంచనా వేశాను.

దుమ్ము దులుపుతానని విప్పాడు. ఎర్ర తీగ పలక దగ్గర మొదలంటా తెగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, మా ఇంట్లో అది సామెత కాదు, దినచర్య. నాకు ఒళ్లు మండింది. షాపులో ఇద్దామంటే, వాళ్లయితే చెడగొడతారన్నాడు.

నిజం చెప్పొద్దూ, అతకడం బాగానే అతికాడు. పలక అంచున బియ్యపుగింజంత తీగ మిగిలింది. దాని చుట్టూ ఉన్న జిగురును బ్లేడుతో గీకాడు. సోల్డరింగ్ కడ్డీ ఎక్కువసేపు ఆనితే పలక లోపలి అతుకులు కూడా కరిగిపోతాయట. ఊపిరి బిగబట్టి రెప్పపాటులో అంటించి తీసేశాడు. అంత తొందరగా ఏ పనైనా చేయగలడని నాకు అప్పటిదాకా తెలియదు. ఎర్ర తీగ దొరక్క నల్ల ముక్క వేశాడు. దాంతో రెండు తీగలూ నల్లవే అయ్యాయి. ఫ్యాను తిరగ్గానే, మందు లోపల పెట్టుకోమని అక్కకు చెప్పాడు. అక్క సరేనంది.

సాయంత్రం నా ముందు గొప్పగా మూత తీశాడు. వేడిగాలి మొహాన కొట్టింది. ఆ పలకతో వచ్చే చిక్కే అది. తీగలు తారుమారైతే చల్లబడాల్సిన వైపు వేడెక్కుతుంది. లోపల గిన్నెలో వెన్న కరిగి నూనెలా తేలుతోంది. బావ గిన్నె బయటికి తీసి లోపలంతా వెతికాడు.

"మందేది? పాడైపోయిందా?"

"పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లో ఉంది. మీరు స్క్రూడ్రైవర్ తీసినప్పుడే పెట్టొచ్చాను" అంది అక్క.

కళ్లతో చూస్తే గాని నమ్మలేక పక్కింటికి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను. పిన్నిగారు ఫ్రిజ్ తెరిచి చూపించారు. మధ్య అరలో రెండు మందు సీసాలు. వాటి పక్కన అక్క పాలగిన్నె, సగం కోసిన నిమ్మకాయ, మూత పిడికి రాగి తీగ చుట్టిన డబ్బా. ఆ తీగ చుట్టింది బావే. అరంతా మా అక్కదే. కుండా లేదు, తడిగుడ్డా లేదు.

"మూడేళ్లుగా ఉంటోంది బాబూ, మాకేం ఇబ్బంది లేదు" అన్నారు పిన్నిగారు, ఆయన్ని ఓదార్చబోయి.

ఇంటికొచ్చాక బావ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. దెప్పుదామని కాచుకుని ఉన్న నాకు మొదటిసారి ఆయన మీద జాలేసింది. పెట్టె మళ్లీ విప్పి, తీగలు ఇటుది అటు మార్చి బిగించాడు. కాసేపటికి లోపలి గోడ చేతికి చల్లగా తగిలింది. మందు తెస్తానని నేను లేచాను.

"వద్దు. రేపటిదాకా అక్కడే ఉండనీ. నేను చేసిన పని కదా" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. అక్క పక్కింటికి వెళ్లి సీసా తెచ్చి, ఆయన ముందే పెట్టెలో పెట్టి మూత వేసింది. బావ తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఒక సీసానే తెచ్చింది. రెండోది పిన్నిగారి ఫ్రిజ్‌లోనే ఉంచింది.