భూపాలపల్లి నుంచి రాని జవాబులు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామలో ఒక విత్తనాల వ్యాపారి దగ్గర నేను కంప్యూటర్లు చూసేవాడిని. చూడడం బాగానే వచ్చేది, బాగు చేయడం దగ్గరే కొంచెం తడబాటు. మహబూబాబాద్, భూపాలపల్లి దుకాణాల వాళ్ళు అక్కడి నుంచే మా కంప్యూటర్‌లోకి వచ్చి బిల్లులు కొట్టేవారు. ఉన్నట్టుండి భూపాలపల్లి లైను తెగడం మొదలైంది. లైను మీద పోయే సమాచారం ముక్కల్ని ప్యాకెట్లంటారు. ప్యాకెట్లు దారిలో పోతున్నాయని ఇంట్లో అంటే, దొంగ ఎవడని అడిగాడు నాయిన.

భూపాలపల్లి దుకాణం చూసేది గంగారం దిక్కు తండా అమ్మాయి. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని చేసే మొదటి కొలువు ఆమెదే. ఎదురుగా దీక్షా శిబిరం ఉంది కనుక, మిషన్ వదిలేసి నినాదాలకు పోతోందని యజమాని అనుమానం. శనివారం లోగా లైను కుదురుకోకపోతే దుకాణానికి తాళమేసి ఆమెను ఇంటికి పంపిస్తానన్నాడు. వెళ్ళి చూద్దామంటే ఆర్టీసీ సమ్మె, బస్సుల్లేవు.

ఆమెకు ఫోన్ కలిపి, చెవికి ఆనించుకుని పింగ్ పెట్టాను. ఉన్నావా అని ఇక్కడి నుంచి అడగడం, ఉన్నానని అక్కడి నుంచి జవాబు రావడం, అంతే పింగంటే. మహబూబాబాద్ అడిగినప్పుడల్లా పలికింది. భూపాలపల్లి జవాబులు మాత్రం వంతులేసుకుని రిలే దీక్షలో కూర్చున్నట్టుండేవి. కంప్యూటర్‌ను లైనుకు కలిపే మోడెం డబ్బా ఆర్పి వెలిగించమన్నాను, నాకు వచ్చిన వైద్యంలో సగం అదే. ఆమె విసుక్కోకుండా చేసింది. మోడెం మార్చింది, వైరు మార్చింది. తేడా లేదు.

అప్పుడు ఒకటి గమనించాను. పొద్దున దుకాణం తెరవగానే లైను శుభ్రంగా ఉండేది. ఫోన్‌లో శిబిరం మైకు పాట మొదలయ్యాకే జవాబులు రాలిపోయేవి. మోడెం నుంచి బయటి స్తంభం దాకా వైరు వెంబడే చూసుకుంటూ పొమ్మన్నాను. వెళ్ళింది.

"అన్న, టెంట్ తాడు మన తీగకు కట్టిన్రు. గాలొస్తే గుంజుతున్నది."

తాడు విప్పమని అడగడానికి ఆమెకు భయమేసింది. ఉద్యమానికి అడ్డమొచ్చిందంటారేమోనని. అయినా ఫోన్ చేతిలో పట్టుకునే వెళ్ళింది. ఒక పెద్దమనిషి గొంతు వినిపించింది.

"తాడిప్పితె టెంట్ మా నెత్తిన పడ్తది బిడ్డ. నీ డబ్బ కోసం మమ్ముల ఎండల కూసోమంటవా?"

"మా కిటికీ ఊచకు కట్టుకో బాపు. నా కొలువు పోతది గిట్లయితె."

ఆయన ఎవరినో నిచ్చెన తెమ్మన్నాడు. ఆమెతో, ఆదివారం దుకాణం బంద్ కదా, వచ్చి దీక్షలో కూర్చోమన్నాడు.

శనివారం బిల్లులన్నీ వచ్చాయి. యజమాని చూసి తాళం మాట ఎత్తలేదు, మెచ్చుకోనూ లేదు.

ఆదివారం నాకు ఆఫీసులో పని లేదు. అయినా వెళ్ళి, ఆమె మోడెం ఆర్పకుండా ఉంచింది కనుక, భూపాలపల్లికి పింగ్ పెట్టి కూర్చున్నాను. సాయంత్రం ఆమె నిమ్మరసం తాగి దీక్ష విడిచిందట, ఫోన్ చేసింది.

"అన్న, ఇయ్యాల ఎన్ని పోయినయ్?"

ఒక్కటి కూడా పోలేదన్నాను. నిజానికి రెండు మూడు పోయాయి. పొద్దంతా పస్తున్న మనిషికి ఆ లెక్క చెప్పబుద్ధి కాలేదు.