ఏడు చెనక్కాయ చెట్లు

గరిక పీకడంలో ఓబులమ్మను మించినవాళ్లు శింగనమల చుట్టుపక్కల లేరు. ముప్పై ఏళ్లు చెనక్కాయ చేలల్లో కలుపు తీసిన చేయి ఆమెది. అలాంటి మనిషిని అనంతపురంలో నూనె మిల్లు పుల్లన్న ఇంటి ముందు అదే గరికను నాటడానికి కూలికి పెట్టుకున్నారు. దేవుడికి పనీపాటా లేనప్పుడు ఇలాంటి వేళాకోళాలే తోస్తాయి కాబోలు.

2003లో, వరసగా మూడో ఏడు, వాన మొహం చాటేసింది. పుల్లన్న ఇంటి ముందు లాన్ కూడా ఎండకు మాడి పీచయిపోయింది. కార్తీకంలో మనవరాలు లహరి పుట్టినరోజు. వచ్చినవాళ్లంతా పచ్చిక మీదే కూర్చోవాలని ఆయన పట్టు. అందుకని వినాయక చవితి దాటగానే పాత గడ్డి చెక్కించి, నేల తవ్వించి, నాలుగు వేళ్ల మందాన ఎర్రమన్ను పోయించాడు. ఆ మన్ను ఓబులమ్మ చేలోదే. ఎట్లాగూ పంట రాదని ఆమె మొగుడు తిప్పయ్య పైమన్ను గీకి ట్రాక్టర్లకెత్తి అమ్ముకున్నాడు. ఇరవై ఏళ్లు గొర్రెల మందలు కట్టించి, వాటి ఎరువుతో బలం చేసుకున్న మన్ను అది. అమ్మేటప్పుడు ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. మన్ను వెనకే ఆమెనూ కూలికి పంపాడు.

ఓబులమ్మ ఇంట్లో విత్తనాల కుండ ఒకటి ఉంది. కాపురానికి వచ్చిననాడు అత్త దాన్ని చేతికిచ్చి, కడుపు మాడినా సరే దాని అడుగు కనపడనివ్వద్దని చెప్పింది. ఎన్ని కరువులొచ్చినా ఆ మాట తప్పలేదు. ఈ ఏడు మాత్రం ఆఖరి దోసెడూ చల్లితే అదీ మాడిపోయి, కుండ బోర్లించాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

గడ్డి నాటిన ఎనిమిదో రోజు గోడ పక్కన చెనక్కాయ మొలకలు కనపడ్డాయి. లెక్కపెడితే ఏడు. నిరుడు పంట తవ్వినప్పుడు దొరక్కుండా చేలో మిగిలిపోయిన కాయలు మన్నుతోపాటు వచ్చి, ట్యాంకర్ నీళ్లకు మొలిచాయి. ఆమె ఊరికి తాగే నీళ్లు నాలుగు రోజులకోసారి వస్తే, ఇక్కడి గడ్డికి పూటపూటా పెడతారు. వాటిని పీకించొద్దని ఓబులమ్మ పోయి పుల్లన్న భార్య వెంకటలక్ష్మమ్మ కాళ్లావేళ్లా పడింది. ఆవిడ మంచిదే. పసుపుపచ్చ పూలు పూస్తే చూడముచ్చటగా ఉంటుందిలే, ఉండనీ అంది. నూటైదు దినాలు ఓపిక పడితే మార్గశిరంలో విత్తనం చేతికొస్తుందని ఓబులమ్మ వేళ్ల మీద లెక్క వేసుకుంది. కుండ మళ్లీ నిలబెట్టొచ్చు.

కానీ ఆ చేతులున్నాయే, అవే ఆమెను ముంచాయి. పని అయ్యాక ఆ చెట్ల దగ్గర కూర్చుంటే, చేలో కూర్చున్నట్టే చుట్టూ గరిక పీకేసి మొదళ్లకు మన్ను ఎగదోసేది. నాటింది తనే, పీకుతున్నదీ తనే అన్న సంగతి ఆమెకు తట్టనే లేదు. కాయ పట్టే ఊడలు నేలలోకి దిగాయని మురిసిపోయే నాటికి ఒక్కో చెట్టు చుట్టూ చేటంత బోడి నేల తేలింది.

పుట్టినరోజు పొద్దున పుల్లన్న కంట అదే పడింది.

"ఈడ గడ్డెవరు పీకినారు?"

"నేనే సామీ. చెయ్యి ఊరకుండలేదు," అంది ఓబులమ్మ. "ఒక్క నెల ఓర్చుకోండి. ఇత్తనానికి."

ఆయనకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. "మిల్లులో మూటలు మూటలు పడుండాయి గదమ్మే. దోసెడు ఎత్తకపో. వీటిని పీకి పిల్లోళ్లకియ్యి."

మరలో ఒలిచిన గింజ నూనెకే గాని మొలకకు పనికిరాదు. ఆ సంగతి ఓబులమ్మకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

ఆమె చేతులతోనే పీకింది. తడి నేల కదా, ఒక్క కాయ కూడా తెగకుండా గుత్తులు గుత్తులుగా వచ్చాయి. జన్మలో అంత కాపు ఆమె తన చేలో చూడలేదు. పిల్లలు ఎగబడి చిదిమారు. లోపల నీళ్లగింజలు. చప్పగా ఉన్నాయని నమిలినవి నమిలినట్టే ఉమ్మేసి ఆటలకు పోయారు. ఓబులమ్మ మిగిలినవన్నీ ఏరి, ఒక్కొక్కటీ గోటితో నొక్కి చూసింది. ఒక్కటీ గట్టిపడలేదు.

గుంతలు పూడ్చి గడ్డి పెడుతుంటే వెంకటలక్ష్మమ్మ పళ్లెంలో రెండు లడ్లు తెచ్చి పక్కన పెట్టింది.

"మీ చేలో మన్ను శానా మంచిది ఓబులమ్మా. ఇంటెనక గూడా గడ్డి ఏపిద్దామంటాండాడు మా ఇంటాయన. ఇంగా నాలుగు ట్రాక్టర్లు తోలమని తిప్పయ్యకు చెప్పు."

"చెప్తానమ్మా," అని ఓబులమ్మ ఏడో గుంతలో గరిక నాటి, కాలితో తొక్కి గట్టి చేసింది.