పెద్దవీధిలో దిగకుండా

పోయిన ఆదివారం ఉదయం బందరులో మా ఇంటి ముందు కొత్త సైకిల్‌ను గోడకు ఆనించి నిలబెడుతుంటే, మా బావమరిది దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, క్యారేజీ లేదు. ఏం చూసి కొన్నావు బావా?" అన్నాడు. మా ఆవిడ గుమ్మంలోంచే, "రిటైరవడానికి రెండేళ్లుంది. ఆఫీసర్ గారు సైకిల్ తొక్కుతున్నారని వీధంతా చెప్పుకోవద్దూ!" అంది. ఆవిడ నోట "ఆఫీసర్ గారు" అన్న మాట పొగడ్త కాదని ఇన్నేళ్ల కాపురంలో నేర్చుకున్నాను. "చెప్పుకోనీ," అని బయలుదేరాను.

అది ఉక్కు సైకిల్. సన్నని గొట్టాలు, నేలకు సమాంతరంగా సాగే పైకడ్డీ, గోధుమరంగు తోలు సీటు. చూడడానికి మా నాన్నగారి కాలం నాటి సైకిల్‌కు దూరపు చుట్టంలా ఉంటుంది. హ్యాండిల్ మాత్రం పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగి ఉంటుంది. వెడల్పాటి టైర్లను కంకర దారుల కోసం చేశారు కనుక దీన్ని గ్రావెల్ బైక్ అంటారట. చల్లపల్లి మీదుగా వెళ్లి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, దివిసీమలో కాలవ గట్టు ఎక్కేవరకు ఆ పేరు విలువ నాకు తెలియలేదు. గట్టు మీద కంకర పైకి తేలి ఉంది. మామూలు సైకిలైతే మోచేతుల నుంచి దంతాల దాకా అదిరిపోయేవి. ఇది కంకరను మెల్లగా నములుతున్నట్టు చప్పుడు చేసిందే గాని, ఆ అదురును నా దాకా రానివ్వలేదు. గేరు మార్చబోయి బ్రేకు నొక్కి, మేస్తున్న గేదె ఎదుట నిలిచిపోయిన మాట కూడా ఒప్పుకోవాలి. ఎదురుగాలి లేచినప్పుడు కొమ్ములు పట్టుకుని నడుం వంచాను. ఈ సైకిల్ మీద వంగవలసింది గాలికి మాత్రమే.

మేం పుట్టి పెరిగిన ఊరు ఈ దివిసీమలోనే. మా నాన్నగారి సైకిల్‌కు వెనక చేపల బుట్ట ఉండేది. రేవులో చేపలు తీసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. సెలవుల్లో నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకునేవారు. పది మైళ్లు తొక్కినా ఆయాసపడని మనిషి, పక్క ఊరి పెద్దవీధి మలుపు రాగానే నన్ను దించి, తానూ దిగి, సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లేవారు. మోతుబరుల అరుగుల ముందు మాబోటివాళ్లు సైకిలెక్కి వెళ్లకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు, తెలియనివాడూ లేడు. ఎందుకు దిగారని అడిగితే, "కాళ్లు పట్టేశాయిరా," అనేవారు. ఆ కాళ్లు ఆ ఒక్క వీధిలోనే ఎందుకు పట్టేసేవో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాడిని నేనే. ఫలితాలు వచ్చిన వారం, ఆ వీధిలో దిగకూడదని నిశ్చయించుకుని, నాన్నగారి సైకిల్ మీదే వెళ్లాను. మొదటి అరుగు మీద ఎవరో దగ్గారు. మాట కూడా కాదు, ఒక్క దగ్గు. దిగిపోయాను. ఆ సంగతి నాన్నగారికి, ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

వ్యాయామం కోసమని ఇంట్లో చెప్పాను గాని, ఆదివారం నేను వెళ్లింది ఆ వీధికే. అరుగులు చాలావరకు పోయాయి. వాటి స్థానంలో గ్రానైటు మెట్లు, కార్ల షెడ్లు వచ్చాయి. మిగిలిన ఒకే ఒక అరుగు మీద ఒక పెద్దాయన పేపరు చదువుకుంటున్నారు. ఆయన తలయినా ఎత్తలేదు. అయినా నా కాలు, నన్నడగకుండానే, పెడల్ మీద నుంచి నేల మీదికి దిగింది. నెత్తిన హెల్మెట్‌తో, చేతిలో కొత్త సైకిల్‌తో వీధి చివరిదాకా నడిచాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. అప్పుడు నా మీద నాకు వచ్చినంత కోపం మరెవరి మీదా ఎన్నడూ రాలేదు.

అక్కడే సైకిల్ తిప్పి, ఎక్కి, వీధి నడిమధ్య తొక్కుకుంటూ మొదటికి వచ్చాను. ఒకసారి చాలలేదు. మళ్లీ తొక్కాను. మూడోసారికి పెద్దాయన పేపరు దించారు.

"ఏమండీ, దారి తప్పారా? ఎవరింటికి వెళ్లాలి?"

సీటు మీద నుంచి దిగకుండానే, ఒక చేత్తో ఆయన అరుగు స్తంభం పట్టుకుని ఆగాను. "ఎవరింటికీ కాదండీ. ఈ దారిన వెళ్తున్నాను."

"ఎవరి తాలూకండీ తమరు?"

నాన్నగారి పేరు చివర గారు చేర్చి చెప్పాను. చేపలు తెచ్చేవారని కూడా అన్నాను.

పెద్దాయన ముఖం విప్పారింది. "ఓరి! వాడి కొడుకువా నువ్వు? ఎంత పెద్దాడివయ్యావురా! దిగు, దిగు. ఇలా వచ్చి కూర్చో."

ఆప్యాయంగానే అన్నారు, అందులో నాకు సందేహం లేదు. కాని "తమరు" నుంచి "నువ్వు" దాకా, అక్కడి నుంచి "రా" దాకా దిగడానికి ఆయనకు మా నాన్నగారి పేరు ఒక్కటి సరిపోయింది.

"మరోసారి వచ్చి కూర్చుంటానండీ. ఇవాళ మాత్రం దిగను," అని స్తంభం వదిలి పెడల్ నొక్కాను.

ఆ వీధి పొడవు రెండు వందల గజాలుండదు. దాన్ని దాటడానికి మా ఇంటికి పట్టిన ఏళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు, నేనూ అడగను. నాకు మిగిలిన ఏళ్లలో మాత్రం, దివిసీమకు వచ్చిన ప్రతిసారీ, దగ్గర దారి వేరే ఉన్నా, ఈ వీధినే వెళ్తాను.