స్టెల్లా పేరున్న రేకు

క్రీస్తురాజపురం కొండ వాలులో ఉన్న ఆ చర్చిలో పేరు లేని వస్తువు ఒక్కటి కూడా లేదు. ఫ్యాను రెక్కల మీద పేర్లు, ప్రసంగ వేదిక మీద పేరు, గడియారం కింద పేరు, కానుకల పెట్టె మూత మీద ఇంకో పేరు. పోయినవాళ్ళ పేరు పైన, ఇచ్చినవాళ్ళ పేరు కింద. ఇచ్చినవాళ్ళవే కాస్త పెద్ద అక్షరాలు. అందరూ చేసే పనే కాబట్టి ఎవరికీ తప్పుగా అనిపించదు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోతే మాత్రం, చెమటలు తుడుచుకుంటూ పేర్లన్నీ తీరిగ్గా చదువుకోవచ్చు.

ఏసుపాదం ఇచ్చింది కంప్యూటరు. పాటలు పాడేవాళ్ళ పక్కన చిన్న బల్ల మీద ఉంటుంది. దాని డబ్బా పక్కరేకు మీద చేటంత స్టీలు పలక. ‘ప్రభువునందు నిద్రించిన శ్రీమతి స్టెల్లా జ్ఞాపకార్థం, భర్త ఏసుపాదం’ అని వన్‌టౌన్‌లో చెక్కించాడు. ఆవిడ పేరెంత ఉందో తన పేరూ అంతే ఉండేలా దగ్గరుండి చూసుకున్నాడు. కంప్యూటరుకి ముందువైపు చోటు లేదు, వెనకంతా తీగలు, పైన దుమ్ముగుడ్డ కప్పాలి. పక్కరేకు అయితే జనం వైపే ఉంటుంది. నాలుగు మూలలా రివిట్లు కొట్టించి, ఊడకుండా వెనక జిగురు కూడా పట్టించాడు. “ఇక్కడ చిల్లులున్నాయండీ” అన్నాడు బిగించేవాడు. “మూసుకుపోతే మంచిదేగా, చూడ్డానికి బాగుంటది” అన్నాడు ఏసుపాదం.

నిజానికి ఆ కంప్యూటరు స్టెల్లాది. గవర్నరుపేటలో మెట్ల కింద గదిలో మొగుడూ పెళ్ళాం డీటీపీ సెంటరు నడిపేవారు. పేరు ఇద్దరిదీ, పని ఆవిడది. శుభలేఖలు, కరపత్రాలు, ఉజ్జీవ సభల పోస్టర్లు అన్నీ ఆవిడ చేతి మీదుగానే పోయేవి. రంగులు సరిగ్గా కనబడటం లేదని ఆవిడ గొణిగితే గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చి వేసింది మాత్రం ఏసుపాదమే. పని లేని పూట ఆవిడ సంఘం పాటల పుస్తకం ముందేసుకుని ఒక్కో పాటా టైపు చేసుకునేది.

ఆ గదికి ఒకటే కిటికీ. తెరిస్తే రోడ్డు మీద దుమ్మంతా కంప్యూటర్లోకి పోతుందని ఏసుపాదం దానికి మేకులు కొట్టేశాడు. ఆవిడకేమో ఆయాసం. “ఏవండీ, కాస్త గాలి రానివ్వండి” అనేది. “గాలి కాదు, వచ్చేది దుమ్ము” అనేవాడు. చివరికి ఆ ఆయాసంతోనే పోయింది. డాక్టరు ఏదో నోరు తిరగని జబ్బు పేరు చెప్పాడు. కిటికీ సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

సెంటరు మూసేసి కంప్యూటర్ని చర్చికి ఇచ్చాక, ఆదివారం ఆదివారం స్టెల్లా టైపు చేసిన పాటలు గోడ మీద టీవీలో కనబడేవి. ఏసుపాదం పలక పక్కన కూర్చుని చరణం తర్వాత చరణం నొక్కేవాడు. వారమంతా ఎలా గడిచినా, అక్కడ కూర్చున్న కాసేపూ తనకి ఇంకా పెళ్ళాం ఉన్నట్టే ఉండేది.

ఈ ఏడాది ఈస్టర్‌కి వారం ముందు, మట్టల ఆదివారం నాడు పాట మధ్యలో టీవీ నిండా అడ్డగీతలు పడి, ఆ తర్వాత మొత్తం నల్లబడిపోయింది. చేతుల్లో మట్టలు పట్టుకుని జనమంతా ఏసుపాదం వైపు తిరిగారు. ఆరాధన అయ్యాక సంఘం సెక్రటరీ అబ్రహాము దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

“మిమ్మల్ని అనడం కాదుగానీ ఏసుపాదం గారూ, ఇదింక పాతబడిపోయిందండీ. ఈస్టర్ నాడు కూడా ఇట్టాగే అయితే స్టోర్ రూములో పెట్టించేద్దాం. పోరంకి ఆయన వాళ్ళ నాన్నగారి పేరున కొత్త కంప్యూటరు, పెద్ద తెర ఇస్తానని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు.”

స్టోర్ రూములో ఏముందో ఏసుపాదానికి తెలుసు. తిత్తి చిరిగిన హార్మోనియం ఉంది, దాని మీదా ఒక పేరుంది. అది ఎవరి పేరో ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు సంఘంలో లేరు. స్టెల్లా పేరు అక్కడికి పోనివ్వకూడదనుకున్నాడు. దాని కింద తన పేరు కూడా ఉందన్న సంగతి తనలో తను కూడా అనుకోలేదు.

తోచినవాడల్లా ఒక సలహా పారేశాడు. అప్‌డేట్ చేస్తే సరిపోతుందన్నాడొకడు. ఏసుపాదం ఫోన్ నెట్ కలిపి, అది అడిగినవన్నీ ఎక్కించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అంతవరకూ బుద్ధిగా తెరుచుకునే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్ కూడా తెరుచుకోవడం మానేసింది. బల్ల మీది తెరలో ఏం రావాలో, గోడ టీవీలో ఏం రావాలో చెప్పేది అదే. నొక్కితే చక్రం కాసేపు తిరిగి, తనకి తగ్గ కార్డు ఈ కంప్యూటర్లో లేదని చెప్పి మూసుకునేది. కార్డు లోపలే ఉంది. ఇంటి మనిషిని పట్టుకుని ఈవిడెవరు అన్నట్టుంది దాని వరస.

ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం, బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఏసుపాదం ఆ బల్ల ముందు కూర్చున్నాడు. చర్చి ఊడ్చి, విందులకు వండిపెట్టే సంపూర్ణమ్మ వెనక వసారాలో డేగిశాలు తోముతోంది. అతను కంప్యూటర్ని సేఫ్ మోడ్‌లో తెరిచి, అప్‌డేట్‌లో వచ్చిన కొత్త డ్రైవర్ని, అంటే కార్డుని నడిపే ప్రోగ్రాముని, తీసేశాడు. కార్డుతోపాటు ఇచ్చిన పాత సీడీని స్టెల్లా పారెయ్యకుండా చీర పెట్టెలో దాచింది. దాన్ని పెట్టి పాత డ్రైవర్నే మళ్ళీ ఎక్కించాడు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. రెండు తెరలూ వరసగా కనబడ్డాయి. ఏసుపాదానికి ఏడుపొచ్చినంత పనైంది. “స్తోత్రం” అన్నాడు పైకే.

పాట పెట్టాడు. కాసేపటికి మళ్ళీ అడ్డగీతలు.

అప్పుడు చూశాడు, సాఫ్ట్‌వేర్ కిటికీ అడుగున కార్డు వేడి చెప్పే గీతని. ఇన్నేళ్ళూ అదొకటుందని పట్టించుకోలేదు. అది పైపైకి పాకి ఎర్రబడి ఉంది. లోపల దుమ్మేమో తుడుద్దామని పక్కరేకు ఊడదీశాడు. పెద్ద దుమ్మేమీ లేదు. కార్డు మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. రేకు చేతిలో ఉండగానే గీత దిగడం మొదలుపెట్టింది. పాట ఆసాంతం నడిచింది.

రేకు మళ్ళీ బిగించాడు. గీత ఎక్కింది. ఊడదీశాడు, దిగింది. ఈసారైనా వేరేలా అవుతుందేమోనని మళ్ళీ బిగించాడు. అవలేదు. రేకు వెనక్కి తిప్పి చూస్తే, ఫ్యానుకి సరిగ్గా ఎదురుగా గాలి కోసం చేసిన చిల్లులు. ప్రతి చిల్లులోంచీ జిగురు పట్టిన స్టీలు కనబడుతోంది. అంతకాలం ఓర్చుకున్న కార్డు ఈ ఎండాకాలానికి ఓర్చుకోలేకపోయింది.

కాస్త గాలి రానివ్వండి.

ఏసుపాదానికి తన మీద తనకే అసహ్యం వేసింది. బతికుండగా కిటికీ మూశాడు, చచ్చాక పేరు పెట్టి మూశాడు. పలక ఊడబెరికి ఇంకోచోట పెడదామని స్క్రూడ్రైవరు దూర్చాడు. రివిట్లు కదల్లేదు, జిగురు వదల్లేదు. స్టెల్లా పేరు దగ్గర పలక వంగి, అక్షరాల మీద పెద్ద గీత పడింది. భయపడి వదిలేశాడు.

ఈస్టర్ నాడు కంప్యూటరు పేగులు బయటపెట్టుకుని నడిచింది. పక్కరేకుని పేరు జనం వైపు ఉండేలా బల్లకాలికి ఆనించాడు. టీవీలో ఒక్క అడ్డగీత పడలేదు. పాట వెనక పాట, అన్నీ ఆవిడ వేళ్ళు కొట్టినవే, గోడ మీద వెలిగాయి. జనం గొంతెత్తి పాడారు. కింద రేకు వైపు మాత్రం ఒక్కరూ చూడలేదు. రేకు ఎందుకు ఊడదీశావని అడిగినవాళ్ళూ లేరు.

ఆరాధన అయ్యాక అబ్రహాము నవ్వుతూ వచ్చాడు. “భలేవారండీ, బ్రహ్మాండంగా నడిచింది! ఏం చేశారేంటి?”

“గాలి రానిచ్చానండీ.”

“అంతేనా? ఆ పని ముందే చెయ్యొచ్చు కదండీ!” అని వీపు తట్టాడు. “ఇంకో ఏడాది దీంతోనే లాగించేద్దాం. ఆ రేకు మాత్రం మళ్ళీ బిగించబాకండి. రండి రండి, భోజనాలకి.”

ఏసుపాదం వంగి చూస్తే బల్లకాలి దగ్గర రేకు లేదు. బల్ల కింద లేదు, వేదిక వెనక లేదు. స్టోర్ రూము తలుపు తీసి చూశాడు, హార్మోనియం పక్కన కూడా లేదు. వెతుక్కుంటూ వెనక వసారాలోకి వచ్చాడు. జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పెద్ద డేగిశాలో సాంబారు పొగలు కక్కుతోంది. దాని మీద మూతగా ఉంది ఆ రేకు. పేరున్న వైపు సాంబారులోకి తిరిగి ఉంది.

అతని మొహం చూసి సంపూర్ణమ్మ గరిటె వదిలేసింది. “అయ్యో అన్నయ్యా, మూత కనపళ్ళేదు. అక్కడ ఊరికే పడుంది కదా, ఎవరికీ పనికొచ్చేది కాదేమోననుకున్నా. ఉండు, కడిగి ఇచ్చేస్తా” అంటూ చీర చెంగుతో పట్టుకుని రేకు ఎత్తింది. పలక నిండా ఆవిరి పట్టి, చెక్కిన అక్షరాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

ఏసుపాదం దాన్ని అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఒద్దులే సంపూర్ణమ్మా” అన్నాడు. “మూతెయ్యి. ఈగలు వాలతాయి.”