నా చేతి మీది సగం వరివెన్ను

మొన్నటి ముసురుకి నా ఎడమ మోచెయ్యి మళ్ళీ పట్టేస్తే, మా అమ్మాయి కూతురు ఆముదం వెచ్చచేసి తెచ్చి, నేను వద్దంటున్నా వినకుండా రవిక చెయ్యి పైకి మడిచింది. నా రవిక చేతులు ఎండాకాలమైనా, వానాకాలమైనా మణికట్టు దాకా ఉంటాయి. ఇంట్లో వాళ్ళు అది నా చాదస్తాల్లో ఒకటిగా జమకట్టుకుని ఎందుకని అడగడం ఎప్పుడో మానేశారు. ఈ పిల్ల మాత్రం నూనె గిన్నె పక్కన పెట్టి, ముంజేతి లోపలి వైపు ఉన్న ఆ పచ్చగీతల మీద వేలు ఆనించి, ఇదేంటి అమ్మమ్మా, సగంలో వదిలేసేరు అని అడిగింది. ఇన్నేళ్ళు బడిలో పిల్లల నోళ్ళు మూయించిన దాన్ని, దాన్ని కూడా నూనె చల్లారిపోతోంది కానియ్యి అని కసిరాను.

నా ఈడు ఆడవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు ఎందరున్నారో గాని, ఉన్నవాళ్ళకీ, మనవలచేత చదివించుకుని వినేవాళ్ళకీ ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట వేసి, ఆ నీళ్ళు మా కోనసీమలోకి రావడానికి ఎక్కడ చూసినా కాలువలు తవ్వుతున్న కాలం అది. మాది రాజోలు వైపు, ఊరికి దూరంగా పల్లపు చేలగట్టున ఉన్న చిన్న పేట. మా వాళ్ళందరూ తాతల నాటి నుంచి ఆసాముల చేలల్లో పాలేర్లు. మా నాన్న కాలువ పనికి వెళ్ళడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం తవ్వుడు ఆపి గట్టుమీద గంజి తాగే వేళ ఒక దొరగారు వచ్చి, వచ్చీరాని తెలుగులో దేవుడి మాటలు చెప్పేవారట. మా నాన్న మాటకారి కాడు గాని, విన్నది వదిలిపెట్టే మనిషీ కాదు. కొన్నాళ్ళకి ఇంట్లో అన్నం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టాడు. మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, దానికేమీ గొడవ పడలేదు. ఆవిడకి అప్పటికే చాలామంది దేవుళ్ళుండేవారు, వాళ్ళ పక్కన ఇంకొకాయన్ని కూర్చోబెట్టుకుంటే వచ్చే ఇబ్బందేమీ ఆవిడకి కనిపించలేదు.

ఇబ్బంది నా చేతి దగ్గర వచ్చింది. మా ఇంటి ఆడవాళ్ళందరికీ ఎడమ ముంజేతి మీద గింజ పట్టిన వరివెన్ను పచ్చబొట్టు ఉండేది. నడుమ ఒక కాడ, దానికి రెండు పక్కలా గింజలు, కొసన మూడు చుక్కలు. మామ్మకి ఉంది, ఆవిడ తల్లికి ఉండేదట, మా అమ్మకి కాపురానికొచ్చిన ఏడాదే పొడిపించారు. పక్క పేటలవాళ్ళకి తేలు ఉండేది, మరొకళ్ళకి ముగ్గు ఉండేది, మాది మాత్రం వెన్ను. బంగారమా, వెండా, మనం పోయినప్పుడు ఏదీ కూడా రాదు, ఒంట్లో ఇంకిన ఆ బొట్టు ఒక్కటే వస్తుందని మామ్మ చెప్పేది. అక్కడ, ఆ ఒడ్డున, మన ఇంటి ఆడవాళ్ళు ఎదురొచ్చి మొహం చూడరట, చెయ్యి చూస్తారట. వెన్ను ఉంటే తమ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంటారట. మా నాన్నకి ఒక చెల్లెలు ఉండేది, నేను పుట్టకముందే పచ్చబొట్టు పుండు మానీమానకముందే జ్వరం వచ్చి పోయింది. ఆ పిల్ల సంగతి చెప్పినప్పుడల్లా మామ్మ, పోతే పోయింది గాని చేతిమీద గుర్తు వేయించి పంపేను, మా అమ్మ పట్టుకుని ఉంటాది అని ఊరట పడేది. నేను ఆ అత్తని చూడకపోయినా, పక్కింట్లో ఉన్న మనిషిని తలుచుకున్నట్టే తలుచుకునేదాన్ని.

నేను పెద్దమనిషినైన నెలలోనే, మా నాన్న కాలువ పని మీద దూరం వెళ్ళిన రోజు చూసుకుని, మామ్మ పచ్చబొట్ల మనిషిని పిలిపించింది. ఆ దొరగారి భార్య, దొరసానిగారు, ఆడపిల్లలకి నడిపే బడిలో నన్ను వేస్తానని నాన్న అప్పటికే మాటిచ్చాడని ఆవిడకి తెలుసు, ఆ తరవాత అవకాశం ఉండదనీ తెలుసు. దీపం మసి ఆకుపసరులో నూరి, కట్టకట్టిన సూదులు అందులో ముంచి పొడుస్తుంటే, నేను అరవకుండా ఉండాలని ఆ మనిషి ఏదో పాట పాడుతూనే ఉంది. కాడ అయింది, కుడివైపు గింజలన్నీ అయ్యాయి. నేను ఏడుస్తున్నానని కాసేపు ఆపి బెల్లపు ముక్క నోట్లో పెట్టారు. సరిగ్గా అప్పుడే, వాన పట్టుకుని పని ఆగిపోవడంతో, మా నాన్న తడిసి ఇంటికొచ్చాడు.

కేకలు వెయ్యలేదు. నా చెయ్యి చూశాడు, తల్లిని చూశాడు.

“అమ్మా, ఇది ఇంక దేవుడి బిడ్డ. దీని ఒంటిమీద మన గుర్తులొద్దు.”

“దేవుడి బిడ్డయితే మాత్రం నా మనవరాలు కాకుండా పోద్దేంట్రా?” అంది మామ్మ. “ఇంకో పక్క గింజలే కదరా, కాసేపట్లో అయిపోద్ది. సగం పొడిచిన చెయ్యి ఎవరిదీ కాదురా అబ్బాయ్, దాన్నలా వదిలేయకు.”

మా నాన్న పచ్చబొట్ల మనిషికి ఇవ్వవలసింది ఇచ్చి, చినుకుల్లోనే గుమ్మం దాటేదాకా నిలబడి పంపించేశాడు. ఆయన చెడ్డవాడు కాడు. తెల్లవారి లేస్తే ఇంకొకరి ముందు చేతులు కట్టుకుని నిలబడే బతుకులోంచి పిల్లని బయటికి లాగాలనుకున్నాడు, ఆ బతుకు గుర్తు నా చేతిమీద కనిపించింది ఆయనకి. మామ్మకి అదే గుర్తు ఇంకోలా కనిపించింది. మధ్యలో చెయ్యి నాది, నన్ను అడిగినవాళ్ళు లేరు. అడిగినా ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఆ కొత్త కాలవలోనే మా నాన్నకీ, అమ్మకీ, నాకూ బాప్తిస్మం ఇచ్చారు. వింత చూడ్డానికి పేట పేటంతా గట్టెక్కింది. దొరగారు నన్ను నీళ్ళలో ముంచి లేపేసరికి తడిసిన తెల్లగుడ్డ చేతిమీద నుంచి జారిపోయి, అందరికీ కనిపించింది. మా పేట ఆడపిల్లలు, అంతకుముందు దాకా నాతో గచ్చకాయలు ఆడినవాళ్ళే, ఎలక్కొట్టిన వెన్నే అని నవ్వారు. వరిచేలో ఎలక ఒక పక్క కొరికేసిన వెన్ను ఎలా ఉంటుందో మా వాళ్ళకి వేరే చెప్పాలా, ఆ పేరు ఆ రోజే అతుక్కుపోయింది. ఒడ్డున గొడుగు కింద నిలబడ్డ దొరసానిగారు నవ్వలేదు గాని, ఆవిడ మొహం పక్కకి తిప్పుకోవడం నేను చూశాను.

బడిలో చేర్చుకున్న రోజునే ఆవిడ తన చేత్తో నాకు పొడుగుచేతుల రవిక కుట్టి ఇచ్చారు. మిగతా పిల్లలవి మోచేతుల దాకానే ఉండేవి. మంచి మనసుతోనే ఇచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి. నాకు అక్షరం ఇచ్చింది ఆవిడే, ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆవిడ చలవే. కాని ఆ చేతుల పొడుగు చూసి, దాని కింద ఏముందో బడిలో అందరూ తెలుసుకున్నారు. సెలవులకి ఇంటికొస్తే పేటలో నేను దొరసానమ్మని, బడికెళ్తే సగం మారిన దాన్ని. నాట్లకి వెళ్ళే ఆడపిల్లల వరసలో సరదాకి నిలబడబోతే, మీ వరస మాకు తెలవదండీ అంటూ వెటకారంగా మర్యాద చేసి పక్కకి జరిగారు. ఆ అండీ నాకు దెబ్బ కంటే ఎక్కువగా తగిలింది. ఒళ్ళు దాచుకోవాలన్న యావ ఆ వయసులో ఎంత ఉంటుందో మీకు తెలియంది కాదు, నాకు అది ఒక చేతి మీదికి వచ్చి కూర్చుంది.

ఒకసారి పంటకోతల సెలవులకి వచ్చినప్పుడు, ఎవరూ లేకుండా చూసుకుని ఇటుకపొడితో ఆ చెయ్యి తోముకున్నాను. తోలు ఊడి నెత్తురొచ్చేదాకా తోమాను. గీతలు పోలేదు. నొప్పికి మూలగలేక పళ్ళు బిగబట్టుకుని దొడ్లో కూర్చుంటే మామ్మ చూసింది. తిడుతుందనుకున్నాను. పసుపు, కొబ్బరినూనె తెచ్చి, పక్కన కూర్చుని, పుండు చుట్టూ వేలితో మెల్లిగా రాసింది. తన చెయ్యీ నా చెయ్యీ ఒకేచోట ఉన్నాయి, ఆవిడ చేతిమీద ముడతల్లో కూడా గింజలు రెండు పక్కలా నిండుగా ఉన్నాయి.

“అంత సిగ్గుగా ఉందేంటే బుల్లీ?” అని అడిగింది.

ఉందన్నాను. అంతకుముందు నేను ఎప్పుడొచ్చినా మామ్మ, ఆ రెండో పక్క గింజలు ఎలాగైనా పొడిపిస్తానని నా చెవిలో అనేది. ఆ రోజు తరవాత ఆ మాట ఎత్తలేదు.

ఆ సెలవులు అయిపోకముందే, ఒక పొద్దున్న మామ్మ మా నాన్న దగ్గరికెళ్ళి, నన్నూ ముంచమని మీ దొరగారితో చెప్పరా అంది. మా నాన్న ముందు నమ్మలేదు, నమ్మాక పిల్లాడిలా ఏడ్చాడు. తరవాత దొరగారి సంఘం పెద్దలు, దొరసానిగారు కలిసి పరీక్ష చెయ్యడానికొచ్చారు. పాపాలు ఒప్పుకుంటావా, పాత దేవుళ్ళని విడుస్తావా అని వాళ్ళు ఒక్కొక్కటే అడుగుతుంటే, మామ్మ కొంగు భుజం మీదికి లాక్కుని అన్నిటికీ ఆయ్, ఆయ్ అంటూ వచ్చింది. ఎందుకు ఇటు రావాలనుకున్నావు అని దొరసానిగారు అడిగితే మాత్రం, నా బుల్లి పోయేది ఇటేనని చెప్పేరండీ, మరి నేను అటెళ్ళి ఏం చేత్తానండీ అంది. అది చాలిన జవాబా కాదా అని పెద్దలు కాసేపు తర్కించుకున్నారు. చివరికి ముసలావిడ అమాయకురాలు, దేవుడు ఆదుకుంటాడని ఒప్పుకున్నారు.

మామ్మకి బాప్తిస్మం ఇచ్చే ముందురోజు సాయంత్రం పొయ్యి దగ్గర మా నాన్నకి ఏం తోచిందో, ఉండి ఉండి, అమ్మా మరి చెల్లి, అని అడిగాడు. మామ్మ మంట ఎగదోసింది.

“దాని దగ్గర మా అమ్మ ఉందిరా. దీనికెవరున్నారు?” అంది.

నేను ఆ మాట విన్నాను. పక్కనే కూర్చుని కందులు ఏరుతున్నాను. విని, ఎదిగే పిల్లలు పెద్దవాళ్ళ మాటలు వదిలేసినట్టే వదిలేశాను. నాకు ఆ రోజుల్లో సంతోషమే సంతోషం. అంత మొండిగా కూర్చున్న ముసలావిడ నా వల్ల కదిలిందని దొరసానిగారు బడిలో అందరి ముందూ నన్ను దగ్గరికి తీసుకున్నారు. ఎలక్కొట్టిన వెన్ను అన్న పేరు అక్కడితో మాసిపోయింది. జన్మలో రవిక తొడగని మామ్మకి కూడా ఆవిడ పొడుగుచేతుల రవిక ఒకటి కుట్టి పంపారు. అందులో మామ్మకి ఊపిరాడేది కాదు, ఎండలో చెమటకి దురదలు పుట్టేవి. అయినా విప్పలేదు. నా పక్కన కూర్చున్నప్పుడు తన చెయ్యి, నా చెయ్యి చూసుకుని, ఇద్దరివీ ఒకలాగే ఉన్నాయి చూడవే అనేది. మరుసటేడు వానల్లో రొంప పట్టి, రొంప జ్వరమై, ఆ రవికతోనే పోయింది. మా నాన్న, అమ్మ, నేను పాటలు పాడి సాగనంపాం. పేటవాళ్ళు దూరంగా నిలబడి చూశారు.

ఆవిడ చేసినదేమిటో నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాకు పెళ్ళయి, ముద్దు మాటలు వచ్చే వయసులో ఒక పిల్ల చేజారిపోయాక, తిండి మానేసి గోడకి తిరిగి పడుకున్న రోజుల్లో, ఒక్క ఆశే నన్ను లేపి కూర్చోబెట్టింది. నేను పోయిన నాడు అది అక్కడ ఉంటుంది, ఎదురొస్తుంది అన్న ఆశ. ఆ ఆశని పట్టుకుని లేచిన పొద్దునే, పొయ్యి దగ్గర మామ్మ అన్న మాట నాకు మళ్ళీ వినపడింది. సరిగ్గా అదే ఆశ, తన కడుపున పుట్టిన పిల్లని మళ్ళీ చూస్తానన్న ఆశ, మామ్మ నా కోసం వదిలేసుకుంది. తల్లి, కూతురు, అక్కచెల్లెళ్ళు అందరూ ఒక ఒడ్డున ఉంటే, తెలిసి తెలిసి రెండో ఒడ్డుకి వెళ్ళింది. అది తెలుసుకునే నాటికి, వద్దు మామ్మా అనడానికి గాని, ఒకసారి కాళ్ళు పట్టుకోవడానికి గాని మనిషి లేదు.

ఇప్పుడు మా పేటలో పచ్చబొట్లు పొడిచే మనిషి అడుగుపెట్టదు. గుడిసెలున్న చోట పెంకుటిళ్ళు లేచాయి, ఆదివారం గంట కొడితే ఒకప్పుడు నవ్విన వాళ్ళ మనవలు తెల్లబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంటారు, ఆడపిల్లలు మోచేతుల పైకి రవికలు తొడుక్కుని బడికెళ్తారు. వాళ్ళ చేతులు ఏ గీతా లేకుండా నున్నగా ఉంటాయి, ఎవరూ ఎవరినీ చేతులు చూసి పోల్చుకోనక్కరలేదు. అది మంచిదే అంటాను, అనకపోతే నేను చెప్పిన చదువుకి అర్థం లేదు. ఇవాళ మా వాళ్ళలో ఎవరు కన్నుమూసినా అవతల వాళ్ళకోసం తల్లో తండ్రో పక్కింటివాళ్ళో కాచుకుని ఉంటారు. కాని ఆ రోజుల్లో మా ఇంట్లోంచే కాదు, మా పేట మొత్తంలోంచి ఆ దారిన ముందుగా కన్నుమూసి వెళ్ళింది మామ్మే. అక్కడ ఆవిడకి తెలిసిన ముఖం ఒక్కటి కూడా ఉండి ఉండదు.