నంది కొమ్ముల మధ్య నా పనితనం

కొందరు ఇల్లు కూల్చి చెడ్డపేరు తెచ్చుకుంటారు, కొందరు గడ్డివాము తగలబెట్టి తెచ్చుకుంటారు. నేను ఒక ఊరి మొత్తానికి శివదర్శనం మూసేసి తెచ్చుకున్నాను. అదీ కంప్యూటర్ ముందు కూర్చుని, చెమట పట్టకుండా.

నంద్యాలలో ఆరు నెలలు త్రీడీ డిజైన్ నేర్చుకుని, ఆళ్లగడ్డలో ఓబులన్న శిల్పాల షెడ్డులో చేరాను. ముప్పై ఏళ్లు ఉలి పట్టిన ఓబులన్న కొత్తగా రాయి చెక్కే మిషను కొన్నాడు. కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే అది అట్లాగే చెక్కిపెడుతుంది. గీసేవాణ్ణి నేను. తప్పు గీసినా అట్లాగే చెక్కిపెడుతుందని అప్పటికి ఎవరికీ తోచలేదు.

మొదటి పని రుద్రవరం దగ్గర ఒక శివాలయానికి నంది. చేయించేది ఆ ఊరి రెడ్డి.

"ఈ నంది బాగొస్తే ఉంటావ్ సామేలూ. రాకపోతే నంద్యాల బస్సెక్కు," అన్నాడు ఓబులన్న.

కంప్యూటర్లో నంది ఒక్క ముక్కగా పుట్టదు. చెవి, మెడ, మూపురం అన్నీ విడివిడి ముక్కలు. వాటిని బ్లెండ్ చేయాలి, అంటే అతుకు తెలియకుండా ఒకటి ఇంకోదానిలోకి జారిపోయేట్టు కలపాలి. ముందు చెవిని తలలో కలిపాను.

"భలే నున్నగుండాదే!" అన్నాడు ఓబులన్న.

అంతే, నాకు పూనకం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త డిజైనరు సందెరగడు. కనిపించిన ప్రతి ఖాళీ నాకు పాత పగవాడిలా తోచింది. చివరికి కొమ్ములు మిగిలాయి. 'పాపం, వీటిని ఎవరూ కలపలేదే' అని జాలిపడి, ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకు నిగనిగలాడే వంపు పరిచేశాను. ఓబులన్న రాళ్లు చూడ్డానికి బేతంచెర్ల పోయాడు. మిషను రెండు రోజులు గీపెట్టి మరీ చెక్కింది.

నన్ను తిట్టుకునే ముందు ఒక్క మాట. మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు. స్నేహితులతో మహానందికి పోయినా, బయట బజ్జీల బండి దగ్గరే నా యాత్ర ముగిసేది.

ఓబులన్నతో పాటు రెడ్డి వచ్చాడు. నంది వెనక్కి పోయి, వంగి, కొమ్ముల మీద వేళ్లు ఆనించి, ఒక కన్ను మూశాడు. అట్లాగే ఉండిపోయాడు.

"ఓబులా, శివుణ్ణి చూసే సందు యాడప్పా?"

ఓబులన్న వంగి చూశాడు. "ఏం చేసినావ్‌రా?"

"బ్లెండ్ చేసినా అన్నా. అతుకే కనపడల్యా, చూడు."

"శివుడు కనపడల్యా! కొమ్ముల నడిమి నుంచే గదరా అందరూ దేవుణ్ణి చూసేది!"

"పక్కనుంచి చూస్తే కాదా?" అన్నాను. ఆ క్షణాన నా పెదాలను బ్లెండ్ చేసేవాడు లేకపోయాడు.

"ఎల్లుండి ప్రతిష్ఠ," అన్నాడు రెడ్డి. "ఊరంతా వరసగా వచ్చి రాయి చూసి పోవాల్నా? ఈ నంది నాకొద్దు."

ఓబులన్న ఉలి తీశాడు. కొమ్ము విరిగితే నంది, రెడ్డి, నా ఉద్యోగం ఒకే దెబ్బకు పోతాయి. ఆయన ఒక్కో దెబ్బ వేస్తుంటే నేను బస్టాండుకు ఒక్కో అడుగు లెక్కపెట్టుకున్నాను. మధ్యాహ్నానికి సందు తెరుచుకుంది. కొమ్ములు నిలిచాయి.

"కనపడ్తాదో లేదో చూడాల. పోయి ఎదురుగా కూర్చో," అన్నాడు రెడ్డి నాతో.

లింగం ఉండాల్సిన చోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లటి రాతిపొడి. రెడ్డి వంగి, సందులోంచి చూశాడు. పుట్టినప్పటి అలవాటు ఊరుకుంటుందా!

"శంభో శంకరా!" అని రెండు చేతులూ జోడించేశాడు.

ఓబులన్న ఉలి కింద పెట్టి నిట్టూర్చాడు. "ఇంగ బస్సెక్కొద్దులే సామేలూ. రెడ్డే దండం పెట్టినాక నిన్ను తరిమితే నాకు పాపం."

మా నాయనకు ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. కానీ ఆ రోజే, రాతిపొడి దులుపుకోకుండానే, ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట రెండు వస్తువుల మధ్య ఖాళీ కనిపిస్తే, "ఇందులోంచి ఎవరన్నా ఎవరినన్నా చూడాల్నా?" అని ఊరంతా అడిగొచ్చేదాకా మౌసు ముట్టను. ఆమెన్.